పుట్టినట్టు రుజువు

దేశమన్నాక సరిహద్దు ఉండాలి. సరిహద్దన్నాక దానికి అవతలివాళ్ళు ఉండాలి. అవతలివాళ్ళు సరిపడా రాని పక్షంలో, ఉన్న ఇవతలివాళ్ళలోంచే కొందరిని అవతలివాళ్ళుగా తయారుచేసుకోవడం బాధ్యత గల ఏ ప్రభుత్వానికైనా తప్పదు. ఈ మహత్కార్యం కోసమే పౌరసత్వ నిర్ధారణ శాఖ పుట్టింది. (శాఖ పుట్టినట్టు రుజువు ఎవరూ అడగలేదు.)

ఆ శాఖ తాఖీదు ఒక మంగళవారం పొద్దున నర్సమ్మకి అందింది. నర్సమ్మంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మునిసిపల్ ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు కాన్పులు చేసి, మోకాళ్ళు అరిగాక ఇంటిపట్టున ఉంటోంది. ఎప్పుడో ఆవిడ తాత రైలు పట్టాలు వెయ్యడానికి నది అవతలి నుంచి వచ్చాడు. పట్టాలు అప్పుడే దేశానివైపోయాయి. తాత సంగతే ఇంకా పరిశీలనలో ఉంది. మురిక్కాలవకి ఈ పక్క, తాతతో వచ్చినవాళ్ళ సంతానం ఉండే వీధిలో ఇంటింటికీ తాఖీదు వచ్చింది. ఆ పక్క వీధిలో ఒక్కరికీ రాలేదు. ఇది కేవలం యాదృచ్ఛికమని శాఖ స్పష్టం చేసింది. ఎవరూ అడక్కముందే చేసింది.

"ఏముందిలే, కాగితాలు చూపిస్తే వదిలేస్తారు," అంది నర్సమ్మ కోడలితో. అనడమైతే అంది గాని, విచారణ రోజు వచ్చేదాకా మూడు వారాలపాటు ఆవిడకి ముద్ద గొంతు దిగలేదు.

విచారణ మూడో కౌంటర్లో. గుమస్తా నిండా ముప్పై ఏళ్ళు లేని వాడు, పాపిడి కొలబద్ద పెట్టి తీసినట్టుంది. నర్సమ్మ ఇచ్చిన పుట్టుక కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇందులో మీ తాతగారి పేరుకి దీర్ఘం ఉంది. ఇంటిపన్ను రసీదులో లేదు."

"రసీదు రాసినాయన తొందరలో ఉన్నాడు బాబూ."

"దీర్ఘం ఉన్న తాత ఒకరు, లేని తాత ఒకరు. మీరు ఎవరి మనవరాలో తేలాలి. పోనీ, మీరు పుట్టడం చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా అమ్మ చూసింది. అప్పుడు దగ్గరే ఉంది."

గుమస్తా నవ్వలేదు. 'తల్లి: రక్తసంబంధీకురాలు, సాక్ష్యం చెల్లదు' అని రాసుకున్నాడు. "ఇంకెవరు?"

"నేనూ ఉన్నాను గాని, నాకంత గుర్తులేదు నాయనా."

అదీ రాసుకుని, తీర్పు కాగితం తీశాడు. 'విదేశీయురాలు' అన్న మాట ముందే అచ్చయి ఉంది, తేదీ వేస్తే చాలు. (శాఖవారు ప్రజల సమయాన్ని వృథా చెయ్యరు.) తేదీ వేసి చదివాడు: "విదేశీయులకి ప్రభుత్వోద్యోగం చెల్లదు. కనక ముప్పై ఆరేళ్ళూ మీరు ఉద్యోగం చెయ్యనట్టే. ఆ హోదాలో పెట్టిన సంతకాలన్నీ రద్దు. నెలాఖరులోగా అతిథి గృహానికి చేరాలి." (అతిథి గృహానికి తాళం బయటి నుంచి వేస్తారు. అతిథుల భద్రత కోసం.)

పక్కనున్న కోడలు బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే ఊరుకోదు.

"అత్తయ్య సంతకాలు పిల్లల పుట్టుక కాగితాల మీదే కదండీ. మరి ఆ పిల్లల సంగతి?"

"పుట్టనట్టే," అన్నాడు గుమస్తా తడుముకోకుండా.

ఆ తరవాత తడుముకున్నాడు. సొరుగు లాగి, సిబ్బంది ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన తన పుట్టుక కాగితం తీశాడు. అడుగున గుండ్రంగా, తోకతో ఒక సంతకం ఉంది.

నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఓరి నీ! ఎదురుకాళ్ళతో వచ్చినవాడివి నువ్వా! మీ అమ్మ బేకరీలో పనిచేసేది కదూ? పుట్టాక కిక్కురుమనలేదు నువ్వు. వీపు మీద రెండు చరిస్తేగాని నోరు తెరవలేదు."

"మెల్లిగా అమ్మా. క్యూ అంతా వింటోంది."

క్యూయే కాదు, ఆఫీసంతా విన్నది. సొరుగులన్నీ టపటపా తెరుచుకున్నాయి. పంతొమ్మిది మంది సిబ్బందిలో పద్నాలుగు మందికి అదే సంతకం, అదే తోక. ముఖ్య నిర్ధారణాధికారి తలుపేసుకుని తన కాగితం మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి చూసే ధైర్యం చాలక కుర్చీలో కూలబడ్డాడు. ఇంకా పుట్టని అధికారికి సంతకం చేసే అధికారం లేదు గనక పనులన్నీ ఆగిపోయాయి. క్యూ మాత్రం ఆగలేదు, పెరిగింది. (క్యూకి అధికారులతో పని లేదు.)

వరండా బెంచీ మీద కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని కాదంటే వాళ్ళూ కాకుండా పోతారు అత్తయ్యా. మనకింక భయం లేదు."

నర్సమ్మకి మూడు వారాల్లో మొదటిసారి ఆకలేసింది. కోడలు తెచ్చిన బన్నులు రెండూ తినేసింది. తింటూ కిటికీ అద్దంలోంచి లోపలికి చూసింది. "ఆ పిల్లాడి మొహం చూడు, ఎలా పాలిపోయిందో. ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇచ్చారో లేదో."

నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. పాము చావలేదు, కర్రా విరగలేదు. సదరు సంతకం ఈ దేశపు గడ్డ మీద, ప్రభుత్వ కాగితం మీద, ప్రభుత్వ సిరాతో, పనివేళల్లో పుట్టినది గనక, అది జన్మతః ఈ దేశ పౌరసత్వం కలదిగా నిర్ధారించడమైనది. దాన్ని పెట్టిన వ్యక్తి విషయంలో పూర్వపు తీర్పులో మార్పు లేదు.

సిబ్బందంతా ఆ క్షణాన మళ్ళీ పుట్టి, ఒకరినొకరు అభినందించుకున్నారు.

కోడలు కోపంగా ఏదో అనబోయింది. నర్సమ్మ ఆపింది. ఆ ఉత్తర్వు అందినట్టు రాసివ్వమంటే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, అలవాటుగా కలం అందుకుంది. గుమస్తా కలం వెనక్కి తీసేసుకున్నాడు.

"సంతకం కుదరదమ్మా. అదిప్పుడు పౌరురాలు. విదేశీయులు దాన్ని వాడుకోవడం నేరం."

"నాదే కదా నాయనా అది?"

అతను సిరా దిండు ఆవిడ ముందుకి జరిపాడు. ముప్పై ఆరేళ్ళు సంతకం పెట్టిన చేతికి వేలిముద్ర వెయ్యడం రాలేదు. అప్పుడతను లేచి, ఆ బొటనవేలు రెండు చేతుల్లోకీ తీసుకుని, సిరా అద్ది, గడి దాటకుండా మెల్లగా నొక్కించాడు. విదేశీయురాలికి ఏమాత్రం నొప్పి కలగకుండా వ్యవహరించినందుకు ఆ సంవత్సరం అతనికి శాఖ ప్రశంసాపత్రం వచ్చింది.