ఆవచేను వాంగ్మూలం

వరుసగా మూడేళ్లు నాగలి పడని పొలానికి మాటలు వస్తాయి. ఇందులో వింతేమీ లేదు. వ్యవసాయ శాఖ దగ్గర దీనికి వేరే ఫారం కూడా ఉంది. కాకపోతే ముప్పై ఏళ్లుగా ఆ ఫారం ఎవరూ అడగలేదు. అందుకని మజ్జి లచ్చుమునాయుడి ఎకరం ఇరవై సెంట్లు నోరు విప్పిన రోజున ఆ ఫారాల కట్టను బీరువా కింద నుంచి తీయాల్సివచ్చింది. బీరువా కాలు ఒకటి దానిమీదే నిలబడి ఉంది.

లచ్చుమునాయుడు ఏదో ఘనకార్యం చేద్దామని దున్నడం మానలేదు. మూడేళ్ల కిందట వరికోతల ముందు ట్రాక్టరు కోసం వారం రోజులు తిరిగాడు. ట్రాక్టరు దొరకలేదు. నేలలో తడి మాత్రం ఆగకుండా ఆరిపోతోంది.

"నిలువు సేలో మినుములు సల్లుకోమేటి? ఆవాలూ అలాగే సల్లీద్దుం. మొలిస్తే మొలుస్తాయి, నేకపోతే పిట్టలు తింటాయి" అంది ఆయన భార్య పైడమ్మ.

ఎకరానికి రెండు కిలోల గింజలు. ఆవగింజ చిన్నది కాబట్టి గుప్పెట్లోంచి పలచగా జారాలని ఇసుక కలిపారు. కోతకు వారం ముందు, కంకులు నిలబడి ఉండగానే, వాటి మధ్య చల్లేశారు. వరి కోసేసరికి మోళ్ల సందున రెండాకుల మొలకలు కనబడ్డాయి. దుక్కి లేదు, దమ్ము లేదు, బస్తాల్లో వచ్చే ఎరువు లేదు. పైన కాస్త గడ్డి కప్పారు, పేనుబంక కనబడినప్పుడు వేపనూనె కొట్టారు, పూత మీద ఒక్క తడి ఇచ్చారు. మిగతాదంతా మంచు చూసుకుంది. పుష్యమాసానికి చేను పసుపు చీర ఆరేసినట్టు నిండిపోయింది. "అంతా అప్పన్న దయ" అని లచ్చుమునాయుడు కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. అప్పటినుంచి వానాకాలం వరిని కూడా దున్నకుండానే విత్తుతున్నాడు.

మూడో ఏడు ఆవచేను కోతకొచ్చింది. ఎండెక్కితే కాయలు పగిలి గింజ రాలిపోతుంది కాబట్టి మంచు ఉండగానే కొడవలి పట్టుకుని దిగాడు. అప్పుడు చేను అంది:

"సెప్పులు గట్టుమీద ఇడిసొచ్చినావు. మంచిపని. మీ అయ్యా ఇడిసీవోడు."

లచ్చుమునాయుడు చుట్టూ చూశాడు. వంగి నేలను కళ్లకద్దుకున్నాడు. కోతను సగంలో ఆపకూడదని పట్టిన వరస పూర్తిచేసి ఇంటికొచ్చాడు.

"సేను మాటాడింది" అన్నాడు.

"ఏటంది?"

"సెప్పుల సంగతి."

"మరింకేటి, గంజి తాగు" అంది పైడమ్మ.

ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిగా ఉన్న సుహాసిని మర్నాడు ఫారం తెచ్చింది. పొలం ఏ భాషలో మాట్లాడింది, గొంతు ఆడా మగా, మాటల్లో ప్రభుత్వాన్ని ఏమైనా అందా అని గడులున్నాయి. పొలం వేలిముద్ర వేయలేదు కాబట్టి ఒక మట్టిబెడ్డను కవరులో పెట్టి జతచేసింది. చేను మంచు ఆరేదాకే మాట్లాడుతుంది. ఆఫీసు మాత్రం పదిన్నరకు తెరుస్తారు. అందువల్ల మొదటి మూడు రోజులూ 'పొలం అందుబాటులో లేదు' అని రాయాల్సివచ్చింది. నాలుగో రోజు ఆ పిల్లే పొద్దున్నే వచ్చి రాసుకుంది.

"దీనికిన్ని సంగతులు ఎలా గుర్తున్నాయమ్మా?" అని అడిగాడు లచ్చుమునాయుడు.

"దున్నితే జ్ఞాపకం పోదు బాబాయ్, అడుగుకి వెళ్లిపోతుంది. మూడేళ్లు కదపకపోతే వానపాములు మళ్లీ పైకి మోసుకొస్తాయి. మా ట్రైనింగులో చెప్పారు."

ఆ వారం ఊరికి పండగే. పొద్దున్నే చెంబులు పట్టుకుని జనం గట్టెక్కేవారు. నాట్లప్పుడు పోయిన ముక్కుపుడక ఎక్కడుందో ఒకామె అడిగింది. చేను చెప్పింది, తవ్వితే దొరికింది. ఇంకొకామె తన కంది కొమ్మలు ఎవరి మేక తినేసిందని అడిగింది. చేను ఆ మేక యజమాని పేరు చెప్పి, "నీ గేదెని నిరుడు నామీదకి తోలీసి, సూడనట్టు పక్కకి తిరిగినావు కదమ్మా. అదీ రాయించనా?" అని కూడా అడిగింది. జనం పకపకా నవ్వారు. మర్నాటికి చెంబులు సగమయ్యాయి. శుక్రవారానికి ఊరంతా ఆ గట్టు మానేసి చుట్టుదారిన నడవడం మొదలుపెట్టింది.

ఫారంలో తొమ్మిదో గడి సరిహద్దులు. దానికి సర్వేయరు వచ్చాడు. తూర్పు పొలం దాలినాయుడిది, ఆయన్ని కూడా పిలిపించారు. లచ్చుమునాయుడు, దాలినాయుడు ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే అగ్గిపుల్లతో చుట్టలు వెలిగించుకున్నారు.

"తూరుపు రాయి దాని సోట నేదు" అంది చేను. "మూడు మూరలు ఇటుండాల. దాలినాయుడి అయ్య కాశీ ఎల్లినప్పుడు లచ్చుము అయ్య పెకలించి అటు జరిపినాడు. పట్టపగలే. బరువుకి నడుం పట్టీసి నాలుగు రోజులు మంచం దిగనేదు."

సర్వేయరు రాసుకున్నాడు. దాలినాయుడు చుట్ట ఆరిపోయిందని మళ్లీ వెలిగించుకున్నాడు. లచ్చుమునాయుడికి ఆ నాలుగు రోజులూ గుర్తొచ్చాయి. అప్పటికి తనకు పదేళ్లు. ఆవనూనె కాచి తండ్రి నడుముకు రాసింది తనే. "బస్తా ఎత్తాను నాయనా" అన్నాడు తండ్రి. ఆ తండ్రే ఊరి రామమందిరానికి గంట ఇప్పించాడు. దానిమీద ఆయన పేరుంది.

సుహాసిని ఫారం ఆఖరు పేజీ తిప్పింది. అక్కడ రెండే గడులున్నాయి. ఒకటి 'నమోదు': పొలం చెప్పింది నిజమని ఒప్పుకుని రాయి వెనక్కి జరపాలి. రెండోది 'ఉచిత దుక్కి': ప్రభుత్వమే ట్రాక్టరు పంపి లోతుగా దున్నిస్తుంది, పొలం మాటలు పోతాయి, కాగితాలు మూసేస్తారు. వారం గడువు.

"ఎక్కువమంది ఏది పెడతారమ్మా?"

"ఎక్కువమంది కాదు బాబాయ్. పాత ఫారాల్లో అందరూ రెండోదే."

ఇంటికొచ్చాక పైడమ్మ కూడా అదే అంది. "దున్నించీ. ఎవులూ సెయ్యనిది కొత్తగా మనకెందుకు? మావ పోయి ఇరవయ్యేళ్లయింది. ఇప్పుడు ఆ మహానుభావుడి నడుం నొప్పి ఊరందరికీ సెప్పాలేటి?"

"దున్నిస్తే దానికి మరుపొస్తాది. మరి నాకో?"

"నీకు పెద్ద గ్యాపకం! ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తావు" అంది గానీ ఆ పూట ఆమె కూడా సరిగ్గా తినలేదు.

ఆరు రోజులు లచ్చుమునాయుడు రామమందిరానికి వెళ్లి గంట కొట్టకుండానే తిరిగొచ్చాడు. దేవుణ్ణి కోపంగా ఏమీ అడగలేదు, అది ఆయన పద్ధతి కాదు. స్వామీ, ఈ గంట మోగినప్పుడల్లా రాయి సంగతి నీకు తెలుసు కదా, నాకు చెప్పడానికి ఎకరం ఇరవై సెంట్లు కావాల్సివచ్చిందా అని మాత్రం మెల్లగా అడిగాడు. మందిరం నేల గచ్చు నేల, దానికి మాటలు రావు.

ఏడో రోజు పొద్దున వెళ్లి మొదటి గడిలో టిక్కు పెట్టాడు. కొత్త రకం టిక్కు కావడంతో సుహాసిని ఎందుకైనా మంచిదని పక్కన సంతకం కూడా చేయించుకుంది.

రాయిని బావలిద్దరూ కలిసి జరిపారు. చాలా బరువుంది. "మీ అయ్య మొనగాడే బావా, ఒక్కడే ఎత్తీసినాడు" అన్నాడు దాలినాయుడు. లచ్చుమునాయుడికి నవ్వాగలేదు. ఇద్దరూ నడుములు పట్టుకుని గట్టుమీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ సాయంత్రం లచ్చుమునాయుడు మందిరానికి వెళ్లి గంట గట్టిగా మోగించాడు.

మర్నాడు తెల్లవారగానే ఆ మూడు మూరల ముక్కలోకి దాలినాయుడు ట్రాక్టరు దింపాడు. ముక్క కంటే ట్రాక్టరే వెడల్పు. ఒక చక్రం గట్టుమీద పెట్టి, ఒరిగిపోతూ, పోయినచోటికే నాలుగుసార్లు పోయి దున్నించాడు.

"ఏటి బావా, అంత తొందర?" అని లచ్చుమునాయుడు కేకేశాడు.

"తడి ఆరిపోతాది కదా" అన్నాడు దాలినాయుడు తలెత్తకుండా. వాన పడి రెండు నెలలయింది.

ఆ వేసవికి శాఖ నివేదిక వచ్చింది. దుక్కి లేకుండా, తక్కువ పెట్టుబడితో ఆవాలు బాగా పండాయని, నేల మెత్తబడిందని, రైతుకు మిగులు కనబడిందని అందులో ఉంది. ఈ పద్ధతికి జిల్లాలో రెండో రైతు ముందుకు రాలేదని, కారణం రైతుల్లో అవగాహన లేకపోవడమని కూడా ఉంది. అవగాహన పెంచడానికి సభ పెట్టారు. సభకు వచ్చినవారందరికీ ఉచిత దుక్కి కూపన్లు పంచారు. పంచాయతీ వీధులతో పాటు కళ్లాలకు, గట్లకు కూడా సిమెంటు వేయాలని తీర్మానించింది. పైడమ్మ ఇదివరకు వారానికోసారి ఇంట్లో మట్టినేల అలికేది, ఇప్పుడు రోజూ అలుకుతోంది. ఎందుకని లచ్చుమునాయుడు అడగలేదు.

కార్తీకంలో వరి పండింది. లచ్చుమునాయుడు తువ్వాల్లో ఇసుక కలిపిన ఆవగింజలు మూటగట్టుకుని, పొద్దున్నే గట్టుమీద చెప్పులు విడిచి దిగాడు.

"వచ్చినావా? ఈ ఏడు ఏటేటి సేసినావో సెప్పు" అంది చేను.

మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆయన ఉగాది నుంచి మొదలుపెట్టాడు. మంచివి ముందు చెప్పాడు, మిగతావి తర్వాత. ఒక్కటి తప్ప అన్నీ చెప్పడం అయ్యేసరికి ఎండెక్కి మంచు ఆరిపోయింది. చేను ఊరుకుంది.

ఆ ఒక్కటీ అలాగే ఉండిపోయింది. వానపాములున్నాయి కదా, అవే తెస్తాయి అనుకుని లచ్చుమునాయుడు లేచి, గుప్పెడు గింజలు తీసి, కంకుల మధ్య చల్లడం మొదలుపెట్టాడు.