ముద్ద దిగని దీక్ష

ఆ గురువారం ఆనందం అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్ళాలి, డాక్టరుకు చూపించుకుని మందు మార్పించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. మామూలు రోజుల్లో అయితే బస్సెక్కితే సరిపోయేది. కానీ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులన్నీ డిపోలోనే ఉండిపోయాయి. వాటిని ఆపినవాళ్ళలో ఆనందం కూడా ఒకడు. అతను ఆ బస్సుల్లోనే కండక్టరు.

వానాకాలం మొదట్లో అతనికి ఏదో అయింది. ఏమైందో చెప్పమంటే అతనికే తెలియదు. పొద్దున లేవబుద్ధి కాదు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు. ఒక మధ్యాహ్నం బస్సు ధర్మపురిలో ఆగగానే మెట్లు దిగి గోదావరి ఒడ్డున నిలబడ్డాడు. బస్సు తిరిగి కదలాల్సిన వేళ దాటిపోయినా అక్కడే ఉన్నాడు. డ్రైవర్ లస్మయ్య వెతుక్కుంటూ వచ్చి, ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సాయంత్రం ఆనందం భార్య బాలమణికి మాత్రం ఒక మాట చెప్పి వెళ్ళాడు. "వదినా, అన్నను ఒక్కన్ని ఇడువకు."

బాలమణి ఇంట్లో మిషను కుడుతుంది. ఆ వారమే కుట్టు పని పక్కన పెట్టి భర్తను జగిత్యాల తీసుకెళ్ళింది. అక్కడ ఒక చిన్న ఆస్పత్రికి కరీంనగర్ నుంచి మానసిక వైద్యుడు గురువారం గురువారం వస్తాడు. ఆయన అంతా విని, ఇది కూడా జ్వరం లాంటి జబ్బేనని, నయమవుతుందని చెప్పి గోలీలు రాశాడు. ఆ గోలీలు ఆనందానికి పడలేదు. కడుపులో తిప్పడం మొదలైంది. చేతులు వణికేవి. కూర్చుంటే మోకాళ్ళు ఊరికే ఆడేవి. ముద్ద నోటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. ఫోన్ చేస్తే డాక్టరు, "గురువారం రండి, వేరే మందు ఇస్తాను. అప్పటిదాకా మీ అంతట మీరు ఆపొద్దు" అన్నాడు.

అందుకే ఈ ప్రయాణం. లస్మయ్య తన బండి మీద తీసుకెళ్తానన్నాడు. డిపో ముందర సమ్మె టెంటు దగ్గర కలుసుకోవాలనుకున్నారు. బయలుదేరే ముందు బాలమణి ఉప్మా పెట్టింది. ఆనందం చెంచాతో అటూ ఇటూ జరిపి పళ్ళెం వెనక్కి ఇచ్చాడు.

"దోవల ఎవ్వలన్న అడిగితే గ్యాస్ గోలీల కోసం పోతున్న అను" అంది బాలమణి. "పిచ్చి డాక్టర్ తానికి పోతుండని తెలిస్తే రేపు డ్యూటీల ఉంచుతరా?"

"సరె."

"లస్మయ్యతోని గూడ గీ ముచ్చట తియ్యకు."

"లస్మయ్యకు ఎర్కనే గదనే."

"ఎర్క ఉంటే ఉండనీ. నువ్వైతే మాట్లాడకు."

టెంటు దగ్గరికి వచ్చేసరికి లస్మయ్య లేడు. పెట్రోలు కోసం పోయాడట. బంకు ముందర లైను పొడుగ్గా ఉందట. ఎండ మండుతోంది. నాయకుడు రాములు ఆనందాన్ని చూసి చేతులు చాచాడు.

"తమ్మీ, దేవుని లెక్క వచ్చినవ్. ఇయ్యాల్ల రిలే దీక్షల కూసునేటోడు ఒకడు ఎగవెట్టిండు. ఫోటోల కుర్సీ ఖాళీగ కనవడ్తది. లస్మయ్య వచ్చేదాంక జర కూసో."

కాదనే ఓపిక ఆనందానికి లేదు. నీడ కూడా కావాలి. కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండ పడింది.

పొద్దెక్కాక టెంటు వెనకాలకు వేడి వేడి మిరపకాయ బజ్జీల పొట్లం వచ్చింది. దీక్షలో ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చేతులు కడుక్కోవడానికని వెనక్కి వెళ్ళి, మూతులు తుడుచుకుంటూ వస్తున్నారు. ఆనందం వంతు వచ్చింది. నూనె వాసన తగలగానే అతను ముఖం తిప్పుకున్నాడు.

"తిను తమ్మీ, ఎవ్వలు సూస్తలేరు" అన్నాడు రాములు.

"వద్దన్నా. ముద్ద దిగుతలేదు."

"పొద్దున తిన్నవా?"

"లేదు."

"రాత్రి?"

"రాత్రి గూడ లేదు. వారం దాటింది నేను సక్కగ తినక."

రాములు చేతిలో బజ్జీ ఆగిపోయింది. "వారమా? గంత గనం ఎందుకు తమ్మీ? మాకెందుకు చెప్పలే?"

ఆనందం తల దించుకున్నాడు. గ్యాస్ గోలీల మాట నాలుక చివరి దాకా వచ్చింది గానీ, అతనికి అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి. "చెప్పుకునేది కాదన్నా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో రాములు కళ్ళు చెమర్చాయి. అతను అర్థం చేసుకున్నది ఇది: తామంతా టెంటు వెనకాల బజ్జీలు తింటుంటే, ఈ మనిషి వారం రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఇంట్లో తెలంగాణ కోసం పస్తులుంటున్నాడు. మిగతావాళ్ళు కూడా అదే అర్థం చేసుకున్నారు. బజ్జీలు ఒక్కొక్కటిగా పొట్లంలోకి తిరిగి వెళ్ళాయి.

తర్వాత అంతా త్వరగా జరిగిపోయింది. మైకులో ప్రకటన వచ్చింది. ఇంకో దండ పడింది, నుదుట కుంకుమ పడింది. పత్రికా విలేకరి వచ్చి ఫోటో తీశాడు. చేతులు వణకడం చూసి నీరసమన్నారు. మోకాళ్ళు ఆడడం చూసి ఆవేశమన్నారు. మార్కెట్‌కు వచ్చిన ఆడవాళ్ళు నిలబడి, "పాపం, గిట్ల ఎండిపోయిండు" అని కళ్ళు ఒత్తుకున్నారు. ఆనందం లేవబోతే ఇద్దరు చెరో పక్కన పట్టుకుని, అంత పట్టుదల మంచిది కాదని కూర్చోబెట్టారు.

లస్మయ్య పెట్రోలు పోయించుకుని వచ్చేసరికి టెంటు చుట్టూ జనం. తోసుకుంటూ ముందుకు వచ్చి, "అన్నా, ఆయనను జగిత్యాలకు తోల్కపోవాలె. డాక్టర్ పోతడు, జల్ది ఇడువు" అన్నాడు.

రాములుకు చివరి మాటలు వినపడలేదు. "జగిత్యాలకా? ఆళ్ళ టెంట్ల కూసోబెట్టుకుంటరా? రోజు ఆళ్ళ ఫోటోలే పేపర్ల పడ్తున్నయ్. గిప్పుడు మా మనిషి గావాల్నా? ఇయ్యం పో!"

"టెంటు గాదన్నా, దవాఖానకు..."

"దవాఖానకు పట్టుకపోయి బలవంతంగ సెలైన్ ఎక్కిస్తరు. దీక్ష భగ్నం జేస్తరు. గీ ఎత్తులు మాకు తెల్వయా?"

లస్మయ్య ఇక వాదించలేదు. వదిన రావాలె అనుకుని బండిని బాలమణి ఇంటి వైపు తిప్పాడు.

రాములు మైకు అందుకున్నాడు. నిజంగానే కదిలిపోయిన మనిషి కాబట్టి పెద్ద మాటే వచ్చింది. "తెలంగాణ కోసం ప్రాణం ఇచ్చేందుకు సిద్ధపడ్డ మన ఆనందం తమ్మునికి..."

జనం జై కొట్టారు. ఆనందం ఆ మాట విన్నాడు. ప్రాణం ఇవ్వడం. చాలా నెలల తర్వాత ఇంతమంది తనవైపు ప్రేమగా చూస్తున్నారు, తాను ప్రాణం ఇస్తాడని విని చూస్తున్నారు. ఆ మాటకు తాను ఉలిక్కిపడకపోవడం అతను గమనించాడు. పైగా అది కొంచెం సుఖంగా ఉంది, గోదావరి ఒడ్డున నిలబడినప్పటిలాగే. అప్పుడు అతనికి నిజంగా భయం వేసింది. గుంపులో భార్య ముఖం కోసం వెతకడం మొదలుపెట్టాడు.

లస్మయ్య చేరేసరికి బాలమణి అప్పటికే సగం దారిలో ఉంది. మైకు మాట ఆమె వాకిట్లోకే వినపడింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది, దానికి వేలాడుతున్న ఎర్ర దారంతో పరుగెత్తుకొచ్చింది. టెంటులోకి వచ్చి భర్త ముఖం చూసింది. తర్వాత రాములు చేతిలోని మైకు లాక్కుంది.

"జర ఆగుండ్రి. ఈయన నా పెనిమిటి. ఈయన దీక్ష చేస్తలేడు. ఈయనకు మనసు బాగలేదు, మనాది పట్టుకుంది. డాక్టర్ ఇచ్చిన గోలీలు పడలే, గందుకే ముద్ద దిగుతలేదు. ఇయ్యాల్ల గోలి మార్పిచ్చుకొస్తనని పోతుంటే మీరు దండలేసి కూసోబెట్టిండ్రు."

 ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"సిరిసిల్లల మా అన్న గిట్లనే అన్నం బంద్ జేసిండు. నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతదని మా ఇంట్ల అందరం నోరు మూసుకున్నం. మా అన్న ఇప్పుడు లేడు. తెలంగాణ రావాలె, నాకు గూడ రావాలె. అచ్చినంక సూసేటందుకు ఈయన ఉండాలె."

లస్మయ్యతో కూడా మాట్లాడొద్దన్న సంగతి మైకులో బస్టాండు దాటి కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళిపోయింది. ఆమెకు అది అప్పుడే తట్టినట్టుంది. మైకు వైపు చూసి చెయ్యి కిందికి దించింది.

రాములు ఆనందం ముందు గొంతుక్కూర్చున్నాడు. "తమ్మీ, గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గదరా."

"గ్యాస్ గోలీలని చెప్పుమన్నదన్నా" అన్నాడు ఆనందం.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట కూడా మార్కెట్ దాకా వెళ్ళింది.  ముందుగా, బాలమణి వెనకే వచ్చిన లస్మయ్య నవ్వాడు. తర్వాత రాములు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ బాలమణి. వాళ్ళను చూసి ఆనందం పెదవులు కూడా కదిలాయి. అది నవ్వేనని గుర్తుపట్టడానికి అతనికి కొంత సేపు పట్టింది.

రాములు జెండా కట్టిన జీపు తెప్పించాడు. ఆనందం దండలు తీయబోతే ఆపాడు. "ఉంచుకో. దోవపొంటి రాస్తారోకోలున్నయ్. నీ దండలు సూస్తెనే తొవ్వ ఇస్తరు." అలాగే అయింది. అడ్డం నిలబడ్డవాళ్ళంతా దండలు చూసి జై కొట్టి పక్కకు జరిగారు. డాక్టరు సంచి సర్దుకుంటుండగా ఆనందం కుంకుమ బొట్టుతో, బంతిపూల బరువుతో లోపలికి వెళ్ళాడు.

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఈ సన్మానం ఎక్కడిది?"

బాలమణి అంతా చెప్పింది. తను ఏమనుకున్నాడో, ఏమనుకుని భయపడ్డాడో ఆనందమే చెప్పాడు. టెంటులో వచ్చిన ఆలోచనా చెప్పాడు, గోదావరి ఒడ్డు సంగతీ చెప్పాడు. డాక్టరు సంచి పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కరీంనగర్‌కు చాలా ఆలస్యంగా బయలుదేరాడు. పాత మందు ఎలా తగ్గించాలో, కొత్తది ఎలా మొదలుపెట్టాలో బాలమణి చేత రెండుసార్లు చెప్పించుకుని మరీ పంపాడు. వెంటనే గుణం కనపడదని, ఓపిక పట్టాలని, అతన్ని ఒంటరిగా ఉంచొద్దని, ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఏ వేళయినా ఫోన్ చేయమని చెప్పాడు.

ఓపిక పట్టారు. మొదటి రోజుల్లో పెద్ద తేడా లేదు. తర్వాత చేతుల వణుకు తగ్గింది. బతుకమ్మ పండుగ వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆనందం పచ్చిపులుసు అన్నం తింటూ, "ఇంకింత పొయ్యి" అన్నాడు. బాలమణి గిన్నె మొత్తం అతని పళ్ళెంలోకి వంచేసి, ఎందుకో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సమ్మె ముగిసి బస్సులు కదిలాయి. డ్యూటీలోంచి ఎవరూ అతన్ని తీసెయ్యలేదు. ఒక గురువారం జగిత్యాల బస్సులో నర్సక్క అనే పెద్దావిడ టికెట్ తీసుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"కొడుకా, గా మనాది డాక్టర్ ఇయ్యాల్ల వస్తడా? మా బిడ్డను సూపియ్యాలె."

"వస్తడవ్వా" అన్నాడు ఆనందం. "మెల్లగ ఎందుకు అడుగుతవ్, గట్టిగనే అడుగు."

ఆమె గట్టిగా అడిగింది. వెనక సీట్లోంచి ఒకాయన, కిటికీ పక్కనుంచి ఇంకొకాయన, అయితే తాము కూడా అక్కడే దిగుతామన్నారు.

ఆ ఆస్పత్రి ముందర బస్సుకు స్టాపు లేదు. కాకపోతే గురువారాల్లో అక్కడికి రాగానే ఆనందం బెల్లు కొడతాడు.