మాట్లాడకుండా కత్తెర ఆడదు

గంటలో కంచె కత్తిరించేసి స్నానం చెయ్యాలని ఆ ఉదయం సెలూన్ మాస్టారు అనుకున్నారు. చలి తగ్గి మొక్కలు కొత్త చిగుళ్లు వేస్తున్నాయి. పక్కింటికీ ఆయనింటికీ మధ్య మొక్కల కంచె మనిషెత్తు పెరిగి, జులపాలు వేలాడేసుకుని నిలబడింది. చిక్కల్లా ఒకటే. జీవితమంతా సెలూన్ నడిపిన మనిషి, మాట్లాడకుండా కత్తెర ఆడించలేరు. కొట్టు మూసేశాక, భార్య పోయాక, మాట్లాడటానికి మనిషే కరువయ్యాడు. ఈమధ్య తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తోంది.

"ఏంటి సార్, ఇంతలా పెంచేశారు? ఇంట్లో ఎవరూ అడగరా?" అని కంచెను పలకరించి పని మొదలుపెట్టారు. "తల వంచండి. అదీ! కదలొద్దు, మెడ దగ్గర కత్తి పెడుతున్నా."

కంచె అవతల ఆపరేటరమ్మ కుండీలకు నీళ్లు పోస్తోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైన ఆవిడకు ఒకవైపు మాటలు వినిపిస్తే చాలు, రెండోవైపు తనే పూరించుకోగలదు. పూరించుకుంది. చెంబు వదిలేసి వీధిలోకి పరిగెత్తింది.

"పక్కింట్లో పీక కోసేస్తున్నారు! రండి బాబూ!"

ఆ కేకకు మాస్టారు ఉలిక్కిపడ్డారు. కత్తెర జారి కంచె నడినెత్తిన జానెడు గుంట పడింది. చేతి అలవాటు ఊరుకోనిస్తుందా? కుడివైపు దించారు. ఎడమ ఎక్కువైంది. అదీ దించారు. మళ్లీ కుడి ఎక్కువైంది. "కంగారు పడకండి సార్, కాస్త పొట్టిగా ఉంటుందంతే" అంటూనే ఉన్నారు. కర్రలూ చీపుర్లూ పట్టుకుని వీధి వీధంతా లోపలికి వచ్చేసరికి మోకాలెత్తు మోడులు మిగిలాయి.

"శవం ఏదండీ?" అన్నాడు ఎదురింటి ఎలక్ట్రీషియన్.

"ఇదే" అని మాస్టారు కంచెను చూపించారు.

జనం ఉసూరుమంటూ వెళ్లిపోయారు. ఇన్నాళ్లకు ఇంటికి ఇంతమంది వచ్చారు, ఒక్కరూ కూర్చోలేదు. మాస్టారికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఆపరేటరమ్మ మాత్రం కదల్లేదు. "రోజూ ఇలా చెట్లతోనే మాట్లాడతారా?"

"మనుషులెవరున్నారమ్మా?"

"మా ఇంటికి వచ్చే ఫోన్లన్నీ రాంగ్ నంబర్లేనండీ. వాళ్లనీ ఓ పట్టాన పెట్టెయ్యనివ్వను."

"మీ చాటు కాస్తా పోగొట్టాను. మళ్లీ పెరగనిస్తానమ్మా."

ఆవిడ వరండాలోని కుర్చీ తెచ్చి మోడుల అవతల వేసుకుంది. "దానికేం తొందర? ముందు ఆ సార్‌కి ఏదో చెబుతున్నారుగా, అది కానివ్వండి."

ఆ కంచె ఇప్పటికీ నడుమెత్తు దాటలేదు. చిగురు కాస్త తలెత్తిందంటే ఎవరో కత్తిరించేస్తున్నారు, తాము కాదని ఇద్దరూ ఒట్టేసి చెబుతారు.