ఖజానా వారి పైదవడ ఉపశాఖ

దేశ ఖజానాలో బంగారం లేదన్న వదంతిని ఆర్థిక మంత్రిగారు ఖండించారు. బంగారం ఉందనీ, ప్రజల నోళ్లలో భద్రంగా ఉందనీ ప్రకటించారు. ఆ రోజు నుంచి నోట్లో బంగారు పన్ను ఉన్న ప్రతి పౌరుడూ ఖజానాకు ఒక ఉపశాఖ అయ్యాడు.

ఖజానా ఖాళీ కావడంలో ఎవరి తప్పూ లేదు. బంగారం దాచడానికి తగిన భవనం లేదని ప్రభుత్వం గుర్తించింది. భవనం కట్టడానికి బంగారం అమ్మింది. భవనానికి తాళం అప్పు మీద విదేశాల నుంచి తెప్పించింది. ఆ అప్పు మీద వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేసింది. అది సకాలంలో దొరికినందుకు దేశమంతటా సెలవిచ్చారు. చివరికి అప్పిచ్చేవాళ్లు బంగారం చూపిస్తేనే ఇస్తామన్నారు. మంత్రిగారు నవ్వుతున్న పౌరుల ఫోటోలు పంపించారు.

ఆ ఫోటోల్లో ఒకటి కండక్టరమ్మది. డీజిలు రావడం మానేసేదాకా ఆవిడ బస్సులో టికెట్లు కొట్టింది. బస్సు నడిపింది ఆవిడ భర్త. ఒకనాడు అడ్డొచ్చిన కుక్కను తప్పించబోయి ఆయన బ్రేకు తొక్కాడు. కుక్క బతికింది, కండక్టరమ్మ ముందు పన్ను పోయింది. డ్రైవరు తన ఖర్చుతో బంగారు పన్ను కట్టించాడు. ఏ మొగుడు చేస్తాడని ఆవిడ వీధంతా నవ్వుకుంటూ తిరిగింది.

ఇప్పుడు డ్రైవరుకి గుండె జబ్బు. మంచం మీద నుంచి కుర్చీ దాకా నడిస్తే ఆయాసం. రోజూ మాత్ర పడకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పి, మర్నాడే దేశం విడిచి వెళ్లాడు. కండక్టరమ్మ సంచీ నిండా నోట్లు వేసుకుని మందుల షాపుకి వెళ్లింది.

“నోట్లు వద్దమ్మా,” అన్నాడు షాపతను. “నిన్నటిదాకా వాటిలోనే పొట్లాలు కట్టాను. వాటికంటే పాత పేపరు నయం. బంగారం ఏమైనా ఉంటే చూడండి.”

పన్ను పీకించేద్దామని ఇంటికొచ్చేసరికి ఖజానావాళ్లు గుమ్మానికి బోర్డు కొడుతున్నారు. ‘ఖజానా ఉపశాఖ, పైదవడ. పనివేళలు పది నుంచి నాలుగు వరకు.’ అధికారి బల్ల మీదికెక్కి ప్రసంగించాడు.

“అమ్మా! నేటి నుంచి మీ నోరు మీది కాదు, జాతిది. పన్ను పీకించడం ఖజానా దోపిడీ కిందికి వస్తుంది. నమలడం వల్ల నిల్వలు అరిగిపోతాయి కనుక నమలరాదు. భద్రతా కారణాల రీత్యా వీధిలో నవ్వరాదు.”

నమలడానికీ నవ్వడానికీ ఏమీ లేనందువల్ల ఈ ఉత్తర్వులు దేశమంతటా సంపూర్ణంగా అమలయ్యాయి. వాటిని జారీ చేసిన శాఖకు పతకం కూడా వచ్చింది.

ఉపశాఖకు ఒక కాపలా జవానునిచ్చారు. జీతం ఇవ్వలేదు. అతను గుమ్మంలో కూర్చుని కండక్టరమ్మ ఆవలించినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరితే వెంట నడిచాడు. ఖజానా ఎటు వెళితే అటు వెళ్లడం అతని విధి.

“పీకిస్తే నాకేమైనా ఇస్తారా పిన్నిగారూ?” అని దారిలో అడిగాడు.

“బాబాయికి మాత్రలు రాగా మిగిలింది నీకే నాయనా.”

పళ్ల డాక్టరు దగ్గర కరెంటు లేదు. జవానే టార్చి పట్టుకున్నాడు. డాక్టరు పంటిని గీకి చూసి చేతులు కడుక్కున్నాడు.

“ఇత్తడమ్మా. నా దగ్గరికొచ్చేవన్నీ దాదాపు ఇవే. నోట్లో ఉన్నంతసేపే ఇది బంగారం. బయటికొస్తే ఇత్తడి. పీకమంటారా?”

జవాను టార్చి ఆపేశాడు. “నేనేమీ చూళ్లేదండీ.”

కండక్టరమ్మ ఇంటికెళ్లి మంచం పక్కన నిలబడింది. డ్రైవరు ఆవిడ మొహం చూసి గోడవైపు తిరిగాడు.

“పన్ను కట్టించిన నెల జీతాలివ్వలేదే,” అన్నాడు. “గుర్తులేదా?”

“ఇన్నేళ్లూ ఊరంతా చూపించుకు తిరిగాను కదండీ! ఒక్కమాట చెప్పొద్దూ?”

“నువ్వు నవ్వుతుంటే ఏం చెప్పను?”

ఆయన ఊపిరి అందక ఎగబీలుస్తున్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుని మళ్లీ మందుల షాపుకి వెళ్లి, పన్ను తాకట్టు పెడతానంది. తాను పోయాక తీసుకోమంది, అందాకా నోట్లోనే ఉంటుందంది. షాపతను ఆవిడ నోట్లోకి తొంగి చూసి, ఒప్పుకుని, మాత్రల సీసా ఇచ్చాడు. గీకి చూస్తాడేమోనని ఆవిడ పరుగులాంటి నడక నడిచింది. వీధి మలుపు తిరగకముందే వెనకాల షట్టరు దించిన చప్పుడైంది. పాపం, ఆయనకీ ఏదో తొందర పని ఉందనుకుంది.

డ్రైవరు మాత్ర నాలుక మీద పెట్టుకున్నాడు. “ఇదేంటే, సుద్దముక్కలా ఉంది?”

కండక్టరమ్మ ఒకటి కొరికి చూసింది. సుద్దే. సీసా పట్టుకుని షాపతని మీద ఫిర్యాదు చేయడానికి గడప దాటింది. జవాను అడ్డం నిలబడలేదు. దండం మాత్రం పెట్టాడు.

“ఫిర్యాదంటే ముందు మీ పన్ను చూస్తారు పిన్నిగారూ. తర్వాత అందరివీ చూస్తారు. రేపు అప్పొస్తోంది. ఈ ఒక్కరోజూ ఓర్చుకోండి.”

అప్పుడే పక్కింటావిడ బయటికొచ్చింది. వాళ్ల అత్తగారికీ ఇదే జబ్బు. ఆవిడ చూపు సీసా మీద పడింది.

“మాత్రలు దొరికాయా వదినా? అసలువేనా? నా చెవులకున్నవి ఇచ్చేద్దామనుకుంటున్నా.”

లోపల డ్రైవరు దగ్గు తెరిపి లేకుండా వినిపిస్తోంది. కండక్టరమ్మ సీసా కొంగులో పెట్టుకుంది.

“బాగా పనిచేస్తున్నాయి,” అంది.

మర్నాడు అప్పు మంజూరైంది. దేశం మీద నమ్మకం తిరిగొచ్చిందని మంత్రిగారు రేడియోలో ప్రకటించారు. మందుల షాపు ముందు మొదలైన క్యూ అప్పటికి వీళ్ల వీధిలోకి వచ్చేసింది. పక్కింటావిడ బోసి చెవులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనక నుంచి అత్తగారిని నలుగురు మోసుకొస్తున్నారు.

క్యూలో ఒకతను గొంతు తగ్గించి ఆవిడని అడిగాడు. “అమ్మా, పెద్దావిడ వాడింది ఇక్కడి మాత్రలేనా?”

పక్కింటావిడ తన గడపలో నిలబడ్డ కండక్టరమ్మ వైపు ఒకసారి చూసి కళ్లు తుడుచుకుంది.

“మాత్రలకేం, బాగానే పనిచేశాయి. ఆవిడే ఆలస్యంగా మొదలెట్టింది.”

క్యూలోని వాళ్లు శవానికి దారి ఇచ్చి, అది దాటగానే ఎవరి చోట్లలోకి వాళ్లు సర్దుకున్నారు.