మారెమ్మ గోడ ముందు రెండు కెమెరాలు

ఆ ఆదివారం భీమసేనరావు తెల్లవారకముందే స్నానం, సంధ్య ముగించుకుని, ఆదోని బస్టాండుకు బయలుదేరడానికి చెప్పులు వేసుకున్నాడు. మళ్లీ విప్పాడు. లోపలికి వెళ్లి, కొలత టేపు తెచ్చి ఖాకీ సంచిలో పడేసుకున్నాడు. హైస్కూల్లో భూగోళం చెప్పే ఆయనకు పాత కెమెరాల పిచ్చి. చేత్తో తిప్పితే స్ప్రింగులూ చక్రాలూ కదిలి పనిచేసేవంటే ప్రాణం. ఇంట్లో ఒక ట్రంకుపెట్టె అప్పటికే నిండింది. ఎమ్మిగనూరులో ఫోటో స్టూడియో మూసేస్తున్న కృపానందం తన దగ్గరున్న రెండు కెమెరాలూ అమ్మేస్తున్నాడని కబురొచ్చింది. వెళ్లి, రెండింట్లో ఒకదాన్ని ఏరుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలన్నది పథకం.

“ఒకటే తేవాల,” అంది భార్య తులసీబాయి, గడపలో నిలబడి. “రెండు తెచ్చినారంటే రాత్రికి వాటినే వండుకొని తినండి.”

“ఒకటే,” అన్నాడు భీమసేనరావు.

ఆ ఒకటి ఏదన్నదే తంటా. కూరగాయల అంగట్లో రెండు వంకాయల ముందు నిలబడి ఏదీ కొనకుండా తిరిగి వచ్చిన మనిషాయన.

కృపానందం రెండింటినీ బల్ల మీద పెట్టాడు. ఒకటి జర్మనీది, బాగా పాతది. మడత విప్పితే తోలు తిత్తి ముందుకు సాగి, దాని కొసన అద్దం నిలుస్తుంది. రెండోది జపానుది, అంతకంటే కొత్తది. పైనొక కన్ను, కిందొక కన్ను ఉన్న నిలువు పెట్టె. భీమసేనరావు ఇది దించి అది ఎత్తాడు. అది దించి ఇది ఎత్తాడు. చెవి దగ్గర పెట్టుకుని షట్టరు చప్పుడు విన్నాడు. చూసి చూసి కృపానందానికే కాళ్లు పీకాయి.

“రెండిట్లో రీలు ఏసిస్తా సార్. ఒకే గోడను రెండిటితో తీసుకొని రాండి. కడిగి సూస్తే ఏది మేలో తెలిసిపోతాది. సాయంత్రం కర్నూలు నుంచి ఇంకొకాయన వస్తాండాడు. మీరు వద్దన్నది ఆయనకిస్తా.”

మగ్గాల వీధిలో ఒక పాత రాతిగోడ ఆయనకు నచ్చింది. బొమ్మ అంచుల దాకా పదునుగా వస్తుందో లేదో తేలాలంటే అలాంటి సందులూ పగుళ్లూ ఉన్న గోడే కావాలి. బరువుగా ఉన్న కొత్త కెమెరాను ఎదురింటి అరుగు మీద పెట్టి, పాతదాన్ని మెడలో వేసుకున్నాడు. మడత కెమెరాకు దూరం మనమే కొలిచి చెప్పాలి. అందుకని టేపు కొసను గోడకు ఆనించి వీధికి అడ్డంగా లాగాడు. ఎనిమిది అడుగులకే ఆ ఇరుకు వీధి అయిపోయి, ఎదురింటి అరుగు వచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసి, తాను నిలబడాల్సిన చోట అరుగు బండల మీదనే గీత గీశాడు.

ఎమర్జెన్సీ ముగిసి అప్పటికి ఏడాది. టేపు పట్టుకున్న మనిషి కనబడితే చాలు, ఇళ్లు కూలగొడతారని వీధులు ఇంకా ఉలిక్కిపడుతున్న కాలం. రాతిగోడ ఇల్లు మారెమ్మది. ఒంటరిగా మగ్గం నేసుకుని బతికే ఆమె, నేత ఆపి మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది.

“ఏం సార్, ఏంది సూస్తాండారు?”

“అంచులు పోతాయేమోనమ్మా,” అన్నాడు భీమసేనరావు, కెమెరాలోంచి కన్ను తీయకుండా.

“అంచులు పోతాయా?”

“నడుమ బాగానే ఉంటాది. పోతే అంచులే.”

మారెమ్మ ఇంటికి ఒక అంచున పొయ్యి ఉంది, రెండో అంచున మగ్గం ఉంది. “ఇదొక్కటేనా సార్?” అంది.

“ఇదొకటి, అదొకటి,” అని ఆయన అరుగు మీది కెమెరా వైపు చేయి ఊపాడు. “రెండిట్లో ఒకటే తీసుకోమని పైనుంచి ఆర్డరు.” తులసీబాయి గుర్తొచ్చి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి మారెమ్మ పక్కింటి తలుపు తట్టింది.

కబురు వీధంతా పాకింది. ఎదురుగా కొత్త ఇల్లు కట్టుకున్న దుర్గప్ప, నూలు అంగడి యజమాని, ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో గోళీసోడా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“సార్, నా మాట వినండి. పాతదే తీసుకోండి. కొత్తదాని జోలికి పోవద్దండి.”

కృపానందం ఎవరికో చెప్పినట్టున్నాడు అనుకున్నాడు భీమసేనరావు. “నాకూ పాతదాని మీదనే మనసుందప్పా. కానీ పైన చిల్లులున్నాయేమోనని అనుమానం. లోపలికి వెలుతురు జొరబడితే ఎందుకూ పనికిరాదు.”

“ఉండాయి సార్, చిల్లులుండాయి!” అంది మారెమ్మ. “వానొస్తే నీళ్లు గూడా కారతాయి. దాన్ని తీసుకొని ఏం సేసుకుంటారు?”

“నీకెట్లా తెలుసమ్మా?”

“నాకు తెల్లేకుంటే ఇంకెవురికి తెలుస్తాది?”

అప్పటికి వీధి రెండుగా చీలింది. పాతదే తీసుకోవాలని కొందరు, కొత్తదే తీసుకోవాలని కొందరు గొంతులు చించుకుంటున్నారు. ఆదోనిలో భీమసేనరావు కెమెరా ఊసెత్తితే వినే దిక్కు లేదు. ఇక్కడ ఊరు ఊరంతా ఇంత పట్టింపుగా ఉండడం చూసి ఆయన కళ్లు చెమర్చాయి. తీర్మానం మాత్రం కాలేదు. ఇటు నడిచాడు, అటు నడిచాడు. సోడా సగం తాగి పెట్టేశాడు. “ఉండండి, ఇంకొకసారి కొలిచి తేల్చేస్తా,” అని టేపు మళ్లీ లాగాడు.

దుర్గప్ప టేపుకు అడ్డం పడ్డాడు. “వద్దు సార్! ఇల్లు ముట్టుకోవద్దండి. మీరు గీత గీసిన కాడికి మేమే తీసేస్తాం!” అని గడ్డపార అందుకున్నాడు. భీమసేనరావు ఒక్క ఉదుటున అరుగు మీది కెమెరాను లాక్కునేసరికి మొదటి బండ లేచింది. రెండోది, మూడోది కూడా లేచాయి.

“ఏం చేస్తాండావప్పా? అది ఫోటో కోసం గీసుకున్న గీత! నేను ఆదోనిలో పిల్లలకు పాఠాలు చెప్పే అయ్యవారిని!”

దుర్గప్ప లేచిన బండలను చూశాడు. భీమసేనరావును చూశాడు. గడ్డపార కింద పారేసి, వచ్చి కొత్త కెమెరా పట్టీ దొరకబుచ్చుకున్నాడు.

అంతలో అరుగు కింద గుడగుడమని శబ్దం వచ్చింది. మారెమ్మ గోడ వారన ఎప్పుడూ నిలిచి ఉండే మురుగు మెల్లగా కదిలి, బండలు లేచిన చోటికి పారసాగింది.

“ఆగన్నా!” మారెమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. “కాలవ నీ అరుగు కింద ఉండాది! ఏటా నా మగ్గం గుంటలోకి నీళ్లెందుకొస్తాయో ఇప్పుడు తెలిసింది. సార్, ఈ కాలవను ఫోటో తీయండి. ఈయప్ప రేపు మళ్లా బండలు పరిస్తే నలుగురికీ సూపించాల.”

కొత్త కెమెరాను దుర్గప్ప లాగుతున్నాడు. మెడలో మిగిలింది పాతది. ఏది మేలని ఆలోచించే తీరిక లేక, భీమసేనరావు దానితోనే నొక్కాడు. దుర్గప్ప రెండోదాన్ని ఊడలాక్కుని జనంలో కలిసిపోయాడు.

పోగొట్టుకున్న కెమెరా సంగతి ఎట్లా చెప్పాలా అని భీమసేనరావు స్టూడియో ముందు చాలాసేపు పచార్లు చేసి లోపలికి వెళ్లాడు. కృపానందం ఏమీ అడగకుండా రీలు కడిగాడు. పారే మురుగూ, మారెమ్మ చూపుడువేలూ, దుర్గప్ప తెరిచిన నోరూ కొస నుంచి కొస వరకు పదునుగా వచ్చాయి. వెలుతురు ఎక్కడా జొరబడలేదు.

“పాతదే తీసుకుంటా,” అన్నాడు భీమసేనరావు. “కొత్తది మాత్రం...”

“అది అమ్ముడుపోయింది సార్.”

“కర్నూలాయనకా?”

“దుర్గప్పకు. తన అరుగు పోయినాక వీధిలో ఇంకెవురికీ ఉండకూడదంట. పక్క అంగట్లో టేపు గూడా కొనుక్కొని, రెండూ పట్టుకొని అరుగులు కొలిసేదానికి పోయినాడు.”

భీమసేనరావుకు ప్రాణం లేచొచ్చింది. “ఎట్లా తీయాలో నేర్పినావా మరి?”

“నేర్పుతానంటే వద్దన్నాడు. లోపలున్న రీలు గూడా తీసి ఈడనే పెట్టి పోయినాడు.”