ముసలమ్మ సాక్ష్యం

ఆ రోజు పొద్దున పరంజ్యోతి టీచరు అనుకున్నది చిన్న పనే. తొమ్మిదో తరగతికి వాతావరణ మార్పు పాఠం. నోటుబుక్కులో ఎడమ పేజీ సాక్ష్యాలకు, కుడి పేజీ కారణాలకు అని పిల్లల చేత రాయించింది. పుస్తకంలో సాక్ష్యమంటే ధ్రువాల దగ్గర కరిగే మంచు. ముత్తుకూరు తీరంలో మంచు కావాలంటే చేపల ఐసు పెట్టె మూత తీసి చూసుకోవాల్సిందే. అందుకని భానుప్రియను పిలిచి, వాళ్ళ అవ్వ ముసలమ్మను మర్నాడు బడికి తీసుకురమ్మంది. ముసలమ్మ కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆ సంగతి ఆమె నోటితో చెబితే చాలు.

భానుప్రియ ఇంటికెళ్ళి, "అవ్వా, రేపు నువ్వు సాక్ష్యం చెప్పాలంట," అంది.

పిల్ల తప్పేం లేదు. టీచరు వాడిన మాటే మోసుకెళ్ళింది. కానీ ఆ పల్లెలో సాక్ష్యమంటే కోర్టే. ఎవరి మీద అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగారు. కారణం బొగ్గు పొగ అని భానుప్రియ చదివింది చదివినట్టు చెప్పింది. సాయంత్రానికల్లా టీచరు ఊరి పక్కనున్న బొగ్గు యార్డు మీద కేసు వేసిందనీ, ముసలమ్మే మొదటి సాక్షి అనీ ఊరు తేల్చేసింది. ఆ యార్డులోనే భానుప్రియ నాన్న చిన్నా పని. చేపలు పడక వల చుట్టేసి, మూడేళ్ళు తిరిగి తెచ్చుకున్న పని. యార్డు కాంట్రాక్టరు గంగాధరం ఫోన్లో అరవను కూడా అరవలేదు.

"మీ అమ్మ ఏం చెప్తాదో విని, నువ్వు డ్యూటీకి రావాల్నో వద్దో చెప్తా చిన్నా," అన్నాడంతే.

మర్నాడు ఆయన పిల్లలకు పెన్నులు పట్టుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు దగ్గరుండి ఫ్యాను వేయించాడు. ఇది పాఠమేనని పరంజ్యోతి ఎంత చెప్పినా ఇద్దరూ తలూపారే గాని నమ్మలేదు. ముసలమ్మ సైన్సు పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

"అవ్వా, సముద్రం ముందుకొచ్చిందా?" అని అడిగింది పరంజ్యోతి.

ముసలమ్మ వెనక బెంచీ వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూసింది.

"లేదు తల్లీ. సముద్రం ఆడనే ఉండాది. మా ఊరే వెనక్కొచ్చింది."

పిల్లలు పగలబడి నవ్వారు. గంగాధరం చప్పట్లు కొట్టాడు. భానుప్రియ నవ్వలేదు. పరంజ్యోతికి ముసలమ్మ మీద కోపం రాలేదు. ఒక ఇంటి అన్నానికి అడ్డం పడే ప్రశ్న అడిగినందుకు తన మీద తనకే వచ్చింది. ఎడమ పేజీ ఖాళీగానే ఉండిపోయింది.

చిన్నా పని నిలిచింది, సరిగ్గా ఇరవై రోజులు. పున్నమి పోటుకు నీళ్ళు యార్డు గోడను పడగొట్టి లోపలికొచ్చాయి. సముద్రం ముందుకు వచ్చినందున పనివాళ్ళను తగ్గిస్తున్నామని గేటుకు నోటీసు అంటించారు. తీసేసిన వాళ్ళలో మొదటి పేరు చిన్నాది. కింద సంతకం గంగాధరానిది.

ఆ నోటీసును గేటు మీంచి ఊడబీకి భానుప్రియ బడికి తెచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"టీచర్, దీన్ని సాక్ష్యాల్లో అంటించాల్నా, కారణాల్లోనా?"

రెండు జెరాక్సులు తీయించుకు రమ్మంది పరంజ్యోతి.