ముందున్నదాన్ని దించాలా?

ఆ శనివారం పొద్దున తేనెటీగలాయన పథకం చిన్నదే. చీకటితోనే మూతులు మూసిన ఇరవై తేనెపెట్టెలు పికప్పు మీద ఉన్నాయి. ఎండెక్కేలోగా వాటిని కొండ మీది పూలతోటకు చేర్చాలి. చేరకపోతే ఉక్కకు ఈగలు చస్తాయి, ఈ ఏడు తేనె చుక్కుండదు. చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారికి ముందు సీటిస్తానని మాట కూడా ఇచ్చాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల కింద దూరి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి ఆవిడ.

అంతా బాగానే ఉంది, అనుమానం ఒక్కటే బాగాలేదు. దారిలో రాళ్లు తగలకూడదని నిన్ననే బండిని మూడంగుళాలు పైకి లేపించాడు. పెట్రోలు బంకులో ఎవడో చూసి, "లేపితే సరా? ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌ని కూడా కిందికి దించాలిగా! లేకపోతే ఇరుసులు ఏటవాలై కీళ్లు విరుగుతాయి" అనేసి పోయాడు. లేపేవాడొకడు, దించేవాడొకడు! మధ్యలో నలిగేది మనమేగా!

తేనెటీగలాయన ముగ్గురు మెకానిక్కులకు ఫోన్ చేశాడు. లేపించాక బండి మాత్రం ఎవడికీ చూపించడు. చూపిస్తే లేని రోగాలు అంటగడతారని భయం. మొదటివాడు దించాలన్నాడు. రెండోవాడు అక్కర్లేదన్నాడు. "బండి తెండి, చూసి చెప్తా" అన్న మూడోవాడి మీద మరీ అనుమానం. చూడాల్సినంత ఏముంది వాడికి? మళ్లీ మొదటివాడికే ఫోన్ కలిపి వరండాలో గొంతు తగ్గించాడు.

"అయితే ముందున్నదాన్ని దించాల్సిందేనా? కీళ్లు అరిగిపోయుంటాయా? ఆ ఎత్తు తట్టుకోలేదంటావ్. సరే, దారిలోనే దించేద్దాం. ఇంట్లోవాళ్లకి మాత్రం తెలియకూడదు."

కిటికీ అవతల భార్య వింది. ముందు సీట్లో ఉండేది ఎవరు? అమ్మ. కీళ్లు ఎవరివి? అమ్మవి. పైగా 'దాన్ని' అట! తిన్నగా వెళ్లి తల్లి చెవిలో ఊదింది. బండి తాళం గుప్పిట్లో బిగించింది.

తాళం కోసం వచ్చిన మొగుడికి గుప్పిలి కనబడింది. మెకానిక్కులు నా పెళ్లాన్ని కూడా కలుపుకున్నారా అనుకున్నాడు. అనుమానానికి హద్దేముంది?

"తాళం ఇటియ్యి. ఎండెక్కుతోంది."

"దేనికండీ? దారిలో దించెయ్యడానికా?"

"నీకెవరు చెప్పారు?" ఆయన నోరు జారింది. "దించకపోతే సగం దారిలో విరిగి కూర్చుంటుంది, తెలుసా?"

"విన్నావా అమ్మా! మొహం మీదే అంటున్నాడు!"

అత్తగారు సంచి పట్టుకుని బయటికొచ్చింది. కోపమొస్తే ఆవిడ నోట 'గారు' వస్తుంది. "అల్లుడుగారూ, మీకంత శ్రమెందుకు? నేనే దిగిపోతా. ఎక్కకముందే."

"మీరెందుకు దిగడం అత్తయ్యా? నేనంటున్నది డిఫరెన్షియల్‌ని!"

పెట్టెల్లో ఈగల రొద హెచ్చింది. భార్య గుప్పిలి వదులైంది. అత్తగారు ఒక్క క్షణం అల్లుణ్ణి ఎగాదిగా చూసి, సంచి కింద పడేసి, కొంగు నడుముకు దోపింది. మూలుగుతూనే బండి కిందికి దూరింది.

"అల్లుడూ!" కిందినుంచి గొంతొచ్చింది. 'గారు' పోయింది. "ఏ డిఫరెన్షియల్?"

"ముందుది."

"ముందు ఏమీ లేదు. ఇది వెనక చక్రాలతోనే నడిచే బండి. లేనిదాన్ని ఎలా దించుతావ్?"

"నాలుగు చక్రాలూ లాగుతాయని వెనక రాసుందిగా!"

ఆవిడ ఇవతలికొచ్చి, వెనక తలుపు మీది '4x4' అక్షరాలను గోటితో గీకింది. అంచు లేచింది. "స్టిక్కరు. అమ్మినవాడు అంటించుంటాడు."

లోకంలో అందర్నీ అనుమానించినవాడు ఒక్క స్టిక్కర్‌ను నమ్మాడు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే కొండెక్కదా అత్తయ్యా? ఈగలు చస్తాయే!"

"ఎందుకెక్కదు? వెనక చక్రాల మీద బరువు పడాలి, క్లచ్ మీద కాలు తెలిసిన కాలై ఉండాలి. తాళం ఇలా తేవే అమ్మాయ్. నేను నడుపుతా. నువ్వు నా పక్కన కూర్చో."

"మరి నేను?" అన్నాడు అల్లుడు.

"పెట్టెల వెనక. నీ బరువు అక్కడ కావాలి."

ఎండెక్కేలోగా బండి జారకుండా కొండెక్కింది. మూతులు తీయగానే ఈగలు పూల మీదికి లేచాయి. దించాల్సింది ముందున్నదాన్ని కాదు, ముందు కూర్చునేవాణ్ణని ఏ మెకానిక్కూ ఫోన్లో చెప్పలేదు.